ఆలియాకు పూలు

పోయిన చలికాలంలో నాకు దగ్గు పట్టుకొని ఒక పట్టాన వదల్లేదు. మాత్రలు మింగి మింగి విసుగొచ్చి, ఎవరో చెబితే కర్నూలు పాతబస్తీలో ఒక యునానీ మందుల అంగడికి పోయినాను. అంగడాయన ఏవేవో వేర్లూ గింజలూ చిన్న చిన్న పొట్లాలు కట్టి, "కాచుకోని తాగమ్మా, తగ్గిపోతాది" అని ఇచ్చినాడు. ఇంటికొచ్చి పొట్లాలు విప్పుతా ఉంటే ఒకదాంట్లో ఎండు పూలు కనబడినాయి. నలిగిపోయి, ఊదా రంగు వెలిసిపోయి, పట్టుకుంటే గలగలమంటున్నాయి. ఒక పువ్వును గిన్నెడు నీళ్ళలో వేసినాను. కాసేపటికి అది మెల్లగా రెక్కలు విప్పుకొని నీళ్ళ మీద వెడల్పుగా పరుచుకుంది. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే బెండకాయ తరిగినప్పుడు అంటుకునేలాంటి జిగురు.

ఆ గిన్నె ముందర అట్లే కూర్చుండిపోయినాను. ఈ పువ్వు నాకు తెలుసు. దీని పేరు ఆలియాకు. ఆ పేరు చెబితే అంగడాయనకే కాదు, ఎవరికీ అర్థం కాదు. మా ఇంట్లో తప్ప అది ఇంకెక్కడా లేని పేరు.

అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. ఆదోనిలో మా ఇల్లు పత్తి మిల్లుల వెనక సందులో ఉండేది. పత్తి వచ్చే కాలంలో మిల్లుల్లోంచి దూదిపింజలు గాలికి లేచి సందంతా తేలుతుండేవి. బడికి చేరేలోపల మా ఆడపిల్లల జడలు ముసలమ్మల జుట్టు మాదిరి తెల్లబడేవి. పత్తిగింజల నూనె వాసన ఎప్పుడూ ఉండేది. దాన్ని చీల్చుకొని పొద్దున్నే సందు చివర హోటల్లోంచి ఉగ్గాని తాళింపు వాసన వచ్చేది. మధ్యాహ్నం ఎవరింట్లోంచో చింతాకుపప్పు, పక్కింటి ఖాలా వాళ్ళ పొయ్యి మీద మసాలా. ఖాలా మాకు చుట్టం కాదు. వాళ్ళు తురకోళ్ళు, మేము వేరే. అయినా ఆమె అక్క పిల్లలు పిలిచినట్టే నేనూ ఖాలా, అంటే పిన్నమ్మా, అనే పిలిచేదాన్ని.

ఇంట్లో మా అవ్వదే పెత్తనం. మా నాయన మిల్లులో గుమాస్తా. పొద్దున పోతే దీపాలు పెట్టినాకనే వచ్చేవాడు. అమ్మ మాట్లాడే మనిషి కాదు. అవ్వ పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. చిన్నప్పటి నుంచి నూలు కండెలు చుట్టీ చుట్టీ ఆమె కుడిచేతి వేళ్ళు కాయలు కాచి ఉండేవి. మంచంలో పడిన అత్తకు చాకిరీ చేసింది, కొడుకును చదివించింది, పెండ్లి చేసింది. ఇంటి వెనక దొడ్డిలో గోంగూర, చుక్కకూర, చిక్కుడు పాదు పెంచింది. అన్నీ ఒక్కతే.

ఎందుకంటే తాత రైల్వేలో ఉండేవాడు. కోసిగి స్టేషన్లో పాయింట్స్‌మన్. రైలొచ్చేటప్పుడు పట్టాలు మార్చేది, పొద్దుగూకినాక సిగ్నల్ స్తంభమెక్కి కిరసనాయిలు దీపం పెట్టేది ఆయన పని. కోసిగి ఎంతో దూరం లేదు, ప్యాసింజరులో గంట ప్రయాణం. అయినా తాత నెలకొక్కసారి వచ్చేవాడు. వచ్చినప్పుడు అవ్వ చేసే పని వదిలేసి లేచి నిలబడి, కొంగు సర్దుకొని, చెంబుతో నీళ్ళిచ్చేది. ఆయన కాళ్ళు కడుక్కొని వసారాలో కూర్చునేవాడు. మర్నాడు పొద్దున బండికి పోయేవాడు.

గంట ప్రయాణంలో ఉన్న మనిషి నెలకొక్కసారే వస్తే లోకం ఊరుకుంటుందా? మా సందులో ఆడోళ్ళు మధ్యాహ్నాలు బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒలుస్తా కూర్చున్నప్పుడు, నేను నిద్రపోతున్నాననుకొని గొంతు తగ్గించేవాళ్ళు. "ఆయప్పకు ఆడ ఇంకో ఇల్లుండాదంట." "ఎవురో గ్యాంగ్‌మన్ పెండ్లామంట. మొగుడు సచ్చిపోయినాడంట." అవ్వ అక్కడే ఉంటే ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. కానీ అవ్వకు తెలుసు. ఎన్నో ఏండ్లుగా తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు.

అట్లాంటి తాత పని కాలం అయిపోయి ఇంటికొచ్చినాడు. ఒక ఇనుప పెట్టె, ఒక పరుపు చుట్ట, మెడకు దారం కట్టిన చిన్న గుడ్డసంచి. మా నాయన ఎదురుపోయి పెట్టె దించుకున్నాడు. అవ్వ లేచి నిలబడింది, నీళ్ళిచ్చింది. ఈసారి మర్నాడు పొద్దున తాత పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. ఇక పోయేది లేదని మెల్లగా అందరికీ అర్థమైంది. తాతకు అర్థం కావడానికి ఇంకొన్ని రోజులు పట్టిందనుకుంటాను. రైలు కూత వినబడితే లేచి చెప్పులు వేసుకునేవాడు. వేసుకొని నిలబడి, మళ్ళీ విడిచేవాడు.

వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. నడుమ నేను. "మీ తాతను సంగటి పెట్టాల్నా, రొట్టె పెట్టాల్నా అడుగు" అని అవ్వ అనేది. ఇద్దరికీ మధ్య దూరం నాలుగు బారలు ఉండదు. నేను పోయి అడిగేదాన్ని. "ఏదైనా ఫరవాలేదని సెప్పు" అనేవాడు తాత. నేను మళ్ళీ వచ్చి చెప్పేదాన్ని. మొదట్లో ఉన్నదున్నట్టు మోసినాను గాని, తర్వాత తర్వాత ఉప్పూ కారం నేనే వేయడం మొదలుపెట్టినాను. అవ్వ "నీళ్ళు కాగినాయని సెప్పు" అంటే, నేను పోయి, "తాతా, నీకు ఒళ్ళు నొప్పులుంటాయంట, బాగా వేడిగా కాచిందంట అవ్వ" అనేదాన్ని. తాత మొహం ఒక్క క్షణం ఎట్లనో అయ్యేది. "అట్లనా?" అనేవాడు. ఆ రోజు ఇంకొక చెంబు ఎక్కువ పోసుకునేవాడు. నాకు అది పెద్ద ఆట.

దసరా అయిపోయి వానలు వెనకబడినాక ఒక పొద్దున తాత దొడ్డిలోకి పోయి నిలబడినాడు. ఖాలా వాళ్ళ గోడ పక్కన పొడుగ్గా ఒక పట్టీ నేల ఖాళీగా ఉండేది. అవ్వ దాన్ని రెండో కారు గోంగూరకు పెట్టుకుంది. తాత గుడ్డసంచి విప్పి నా అరచేతిలో పోసినాడు. ఎండిన చిన్న కాయలు. ఒకటి చిదిపితే లోపల పలచటి గింజలు, బొమ్మరింటికి చేసిన అప్పడాల మాదిరి, గుండ్రంగా ఒకదాని పక్కన ఒకటి సర్దుకొని ఉన్నాయి.

"ఏం గింజలు తాతా?"

"ఆలియాకు."

అసలు పేరు హాలీహాక్. కోసిగికి ఒకప్పుడు అరవం మాట్లాడే స్టేషన్ మాస్టరు వస్తే, ఆయన భార్య ప్లాట్‌ఫారం మీద వేసిందంట. బదిలీ అయిపోతా ఆమె తాతను పిలిచి, వీటికి నీళ్ళు మానొద్దు అని చెప్పి పోయింది. పేరు తాత నాలుకకు అట్ల తిరిగింది. నేను పోయి అవ్వకు అదే చెప్పినాను.

"ఆలి ఆకా?" అవ్వ చాటలో జొన్నలు చెరగడం ఆపింది. "ఆలికి ఒగ పూట ముద్ద కలిపి పెట్టింది లేదు, ఆలి ఆకు పెడతాడంటనా! దాన్ని వండుకోవచ్చునా అడుగు."

నేను పోయి అడిగినాను. "వండుకోరు. పూలు పూస్తాయి" అన్నాడు తాత.

"తల్లో పెట్టుకోవచ్చునా అడుగు."

"తల్లోకి రావు. పెద్దవి."

"దేవునికి?"

తాత కొంచెం ఆలోచించినాడు. "దేవునికీ పెట్టంగా సూడలేదు."

"నోటికి గాదు, తలకి గాదు, దేవునికి గాదు. మరి ఏంటికంట?"

తాత గడ్డపార తెచ్చి నేల తవ్వడం మొదలుపెట్టినాడు. మాది నల్లరేగడి. తడిస్తే జిగట, ఎండితే బీటలు. ఆయన వంకలోంచి ఇసుక మోసుకొచ్చి కలిపినాడు. మాగిన పేడ ఎరువు కలిపినాడు. కట్టెతో గీత గీసి, గింజలు వేసి, పైన వేలితో మట్టి జల్లినాడు, అంతే. నొక్కనియ్యలేదు నన్ను. అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. గోంగూర విత్తనాల మూట తీసుకుపోయి అటకమీద పెట్టేసింది. ఆ రోజు మధ్యాహ్నం తాతకు బుడ్డల ఊరిబిండి పచ్చడి వేయకుండా ఉత్త రొట్టె పెట్టి పంపింది.

ఆదోనిలో నీళ్ళంటే నీళ్ళు కావు. వీధి కొళాయి దినం విడిచి దినం వచ్చేది, వచ్చినా కాసేపే. బిందెల కోసం తగువులాడని ఆడమనిషి మా సందులో లేదు. అందుకని తాత స్నానం చేసే బండ నుంచి గోడ వరకు చిన్న కాలువ తీసినాడు. ఇంటిల్లిపాది స్నానాల నీళ్ళు దాంట్లోకి పోయేవి. సబ్బు నీళ్ళు మంచివి కావని ఆయన శీకాయతో పోసుకోవడం మొదలుపెట్టి, మా నాయనను గూడ అదే పోసుకొమ్మన్నాడు. మా నాయన తిట్టుకుంటానే పోసుకున్నాడు.

మొలకలు వచ్చినాయి. ఆకులు వెడల్పై, గరుకుగా, అరచేతి మాదిరి నేలకు పరుచుకున్నాయి. చలికాలమంతా అట్లే పడున్నాయి. "మీ తాత ఆకు నిద్రపోతాంది" అని అవ్వ ఎత్తిపొడిచేది. సంక్రాంతి దాటినాక ఒక్కసారిగా నడుమ నుంచి కాడలు లేచినాయి. వారం తిరిగేలోపల నా ఎత్తు, ఇంకొన్నాళ్ళకు తాత ఎత్తు, తర్వాత గోడ దాటి పోయినాయి. తాత వెదురు బద్దలు పాతి, పాత చీర అంచులు చింపి, కాడ కోసుకోకుండా వదులుగా కట్టినాడు. ఆకుల అడుగున తుప్పు రంగు చుక్కలు పడితే ఆ ఆకులు తుంచి దూరంగా కాల్చేవాడు. మిల్లుల్లోంచి పత్తికి పట్టే ఎర్ర పురుగులు వచ్చి మొగ్గల మీద కూర్చునేవి. వాటిని ఏరడం నా పని. డబ్బాలో కిరసనాయిలు నీళ్ళు పోసిచ్చేవాడు. పాదుకు నీళ్ళు పోస్తే వేరుకే పోయాల, ఆకు తడవకూడదు. మొగ్గ విచ్చేటప్పుడు ముట్టుకోకూడదు. ఇట్లాంటివి చెబుతా ఉన్నప్పుడు తాత వేరే మనిషి. వసారాలో కూర్చునే మనిషి కాదు.

శివరాత్రి ముందర పూసినాయి. కింద నుంచి పైకి, ఒక్కొక్క మెట్టే ఎక్కినట్టు. తెలుపు, గులాబి, ఒక చెట్టుకైతే నేరేడు పండు రంగు, మధ్యలో ఇంకా నలుపు. పత్తి పువ్వు మాదిరే ఉంది గాని, పత్తి పువ్వు ఇంత పెద్దదైతే ఎట్లుంటుందో అట్లుంది. సందులో పిల్లలంతా మా దొడ్డిలోనే. రాలిన రెక్కల మొదలు చీల్చి ముక్కుకు అంటించుకొని, కోడిపుంజుల మాదిరి కూతలు పెడుతా తిరిగేవాళ్ళం. మా పంతులమ్మ ముందర కూడా అంటించుకొని పోయి గోడకుర్చీ వేసినాను.

గోడ అవతల నుంచి ఖాలా తల పైకి పెట్టింది. ఏదో ఎక్కి నిలబడినట్టుంది. ఆమె అవ్వను ఆపా, అంటే అక్కా, అని పిలిచేది.

"అరె, గుల్ ఖైరూ! ఆపా, మీ ఇంట్లో ఇంత మందు పెట్టుకొని నాకు చెప్పలేదే!"

"మందా?" అంది అవ్వ.

"దగ్గుకు ఆపా. ఎండబెట్టి కాచాల. మా అబ్బాజాన్ హకీముల దగ్గర తెచ్చేవాడు. నాలుగు పూలివ్వు, మా చిన్నోడు రాత్రంతా దగ్గుతాండాడు."

అవ్వ తాత వైపు చూడకుండా, నా వైపు చూసింది. నేను తాత దగ్గరకు పరిగెత్తినాను. "రాలినవి ఎన్నైనా తీసుకోమను. చెట్టు మీద మాత్రం వద్దు, గింజ పట్టాల" అన్నాడు తాత. ఆ సాయంత్రం అవ్వ తనే వంగి రాలిన పూలు కొంగులో ఏరి గోడ మీది నుంచి ఇచ్చింది. తర్వాత రోజూ చాట మీద ఆరబెట్టడం మొదలుపెట్టింది. సందులో ఎవరు దగ్గినా మా ఇంటికే వచ్చేవాళ్ళు. "మా దొడ్లో ఉండాయిలే" అనేది అవ్వ. "మా" అంది. తాత అది విన్నాడు. వెదురు బద్ద కడుతున్నవాడు కట్టు సరిగా పడక మళ్ళీ కట్టినాడు.

అంతా సర్దుకుంటాందని నాకు అనిపించిన రోజుల్లోనే పెరుగామె వచ్చింది. ఆమె కోసిగి నుంచి పొద్దుటి బండిలో పెరుగు కుండలు తెచ్చి మా సందుల్లో అమ్మేది. ఆ రోజు కుండ దించుకొని దొడ్డి వైపు చూసి, "ఈ పూలు మా టేషన్ కాడ ఆయమ్మ ఇంటి ముందర గూడ ఇట్లనే ఉండాయి సూడమ్మా" అంది.

"ఏ ఆయమ్మ?" అంది అవ్వ.

"గ్యాంగ్‌మన్ పెండ్లాం లేదూ, మొగుడు పోయినామె. మీ ఆయప్పే ఏసిచ్చినాడు గదా" అని, ఇంకా ఏదో చెప్పబోయి అవ్వ మొహం చూసి ఆగిపోయింది. గబగబా పెరుగు పోసి కుండ ఎత్తుకుంది.

అవ్వ పెరుగు లోపల పెట్టింది. ఎండుతున్న పూల చాట తీసి మూలకు పెట్టింది. ఆ రోజు నుంచి నాకు పని లేదు. రొట్టెనా సంగటినా అని అడగమనలేదు. నీళ్ళు కాగినాయని చెప్పమనలేదు. తాత ముందర కంచం పెట్టి పోయేది, అంతే. నేను ఊరికే కల్పించి, "అవ్వ నిన్ను తిన్నావా అని అడగమంది" అంటే తాత నా కండ్లలోకి చూసి, "అనలేదులే" అన్నాడు. ఆయనకు ఏం జరిగిందో తెలీదు. కానీ ఏదో జరిగిందని తెలుసు. దొడ్డిలోకి పోయి చాలాసేపు చెట్ల మధ్య కూర్చునేవాడు.

కొన్ని రోజులు అట్ల గడిచినాక అవ్వ నన్ను పిలిచింది. "మీ తాతకు సెప్పు. రేపు పొద్దుటి బండికి కోసిగి పోతాండాము. నువ్వు, నేను, ఆయప్ప."

తాత ఆ మాట విని మొదట నమ్మలేదు. "ఏంటికంట?" అని రెండుసార్లు అడిగించినాడు. "సూడాలంట" అని చెప్పినాను. అవ్వ అన్నది అదే. తాత మొహం వెలిగిపోయింది. తను పనిచేసిన చోటు చూడాలని ఆమెకు బుద్ధి పుట్టిందనుకున్నాడు పాపం. సాయంత్రమే పెట్టె తీసి ఉతికిన చొక్కా బయట పెట్టుకున్నాడు. గడ్డం గీయించుకొని వచ్చినాడు.

అవ్వ ఎమ్మిగనూరు చీర కట్టింది, అన్నదమ్ముల మగ్గం మీద నేసినది, మావిడిపండు రంగు. రైల్లో కిటికీ దగ్గర అవ్వ, ఇటు చివర తాత, నడుమ నేను. బొగ్గు నలుసులు కంట్లో పడుతున్నా కిటికీ మూయనియ్యలేదు తాత. "అదో సూడు, ఆ మలుపు కాడనే ఒగసారి ఎద్దులబండి ఇరుక్కునింది." "ఆ వంక దాటినాక బండి కూత ఏస్తాది, సూస్తాండు." నాకే చెబుతున్నాడు గాని, అవ్వకు వినబడాలని గట్టిగా చెబుతున్నాడు. అవ్వ బయటకు చూస్తానే ఉంది. మధ్యలో తాత బొరుగులు కొని పొట్లం నా ఒళ్ళో పెట్టి, "మీ అవ్వకియ్యి" అన్నాడు. అవ్వ తీసుకోలేదు.

స్టేషన్లో అందరూ తాతను గుర్తుపట్టినారు. ప్లాట్‌ఫారం చివర పూలమడి ఉంది. నీళ్ళు లేక సగం ఎండిపోయింది. తాత వంగి ఒక కాడను పట్టుకొని చూసి వదిలేసినాడు. "ఇదే మడి అని సెప్పు" అన్నాడు నాతో.

అవ్వ మడి వైపు చూడనే లేదు. "ఆయమ్మ ఇల్లు యాడో అడుగు."

"ఎవురంట?"

"పూలుండే ఇల్లు."

నాకు ఆ మధ్యాహ్నాల గుసగుసలు గుర్తుకొచ్చినాయి. కానీ తాత తడబడలేదు. "ఓ, అక్క ఇల్లా! నేనే పోదామనుకుంటాండా. రండి రండి" అని పట్టాల పక్కన ముందర నడిచినాడు. అవ్వ ఒక్క నిమిషం నిలబడి ఆయన వీపును చూసింది. తర్వాత నడిచింది.

సిగ్నల్ దాటినాక ఒక గుడిసె. ముందర ఆలియాకు పూలు, మా ఇంట్లో వాటికంటే ఎత్తు. గుమ్మంలో నులకమంచం మీద ఒక ముసలామె బుడ్డలు ఒలుస్తాంది. మా అవ్వ కంటే చాలా పెద్దది. నడుం వంగిపోయింది. రెండు కండ్లకూ పొర కమ్మింది. చప్పుడు విని తలెత్తింది.

"తమ్ముడా? నీ అడుగే గదా. ఎవుర్ని పిల్చుకొచ్చినావు?"

"నీ మరదలు వచ్చిందక్కా. ఇది మనవరాలు."

ముసలామె చేతిలో బుడ్డలు వదిలేసి లేచింది. తడుముకుంటా వచ్చి అవ్వ చేతులు రెండూ పట్టుకుంది. వేళ్ళ మీద తన వేలు రాసి చూసింది. "కండెలు సుట్టిన సెయ్యి. కాయలుంటాయని సెప్పినాడులే. ఎన్నేండ్లకు వస్తివి తల్లీ! రా, కూసో."

అవ్వ కూర్చుంది. కోపం తెచ్చుకొని వచ్చిన మనిషి, ఆ కోపాన్ని ఎక్కడ దించాలో తెలీనట్టు కూర్చుంది. ముసలామె మజ్జిగ ఇచ్చింది. జొన్నరొట్టె మీద ఉల్లిగడ్డ కారం పెట్టి నాకిచ్చింది. మొగుడు పోయినాక ప్యాసింజర్లలో బుడ్డలమ్మి బతికిందంట. తాత జొన్నలు తెచ్చిస్తే రొట్టెలు కాల్చి ఇచ్చేదంట. కండ్లు కనబడనప్పటి నుంచి, తాతే పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు తెచ్చి పెట్టేవాడంట.

అవ్వ మజ్జిగ చెంబు చేతుల్లో తిప్పుతా అడిగింది. "ఆదోని గంట దూరం. నెలకొగసారే ఏంటికి వస్తాండె?"

"నేనూ తిడతాంటినమ్మా. పోరాదా ఇంటికి అని. 'పోతే ఏం సేయాల్నో తెలీదక్కా. ఆడ అన్నీ ఆమే సేసుకుంటాది. నేను పోతే సుట్టమొచ్చినట్ల లేసి నిలబడతాది' అంటాండె."

అవ్వ ఉలిక్కిపడినట్టు చూసింది. తాత బయట చెట్ల దగ్గర నిలబడి ఆకులు తుంచుతున్నాడు. ముసలామె చెబుతానే ఉంది. "నీ కొడుకు పెద్ద పరీక్షలు రాసే ఏడు తమ్మునికి విషజ్వరం తగిలింది సూడు, దక్కుతాడనుకోలేదు మేము. ఈ మంచం మీదనే పడుండె. ఆదోనికి మనిషిని పంపుతామంటే పంపనిస్తేనా? 'మా యమ్మ మంచంలో ఉండాది, ఆమె ఒక్కతే ఎత్తి దించుతాంది, ఇంకో రోగిని ఆమె మీద ఎయ్యను' అన్నాడు. గంజి తాగించినామమ్మా నేనూ, మా ఇంటాయనా. అప్పటికి ఆయన ఉండె."

అవ్వ లేచింది. మజ్జిగ చెంబు కింద పెట్టి గుమ్మం దాటి నేరుగా తాత ముందర పోయి నిలబడింది. నేను వెనకనే పరిగెత్తినాను, ఏదైనా చెప్పమంటుందేమోనని.

నాతో చెప్పలేదు.

"సచ్చిపోతాంటే గూడ నాకు సెప్పవా?" అంది. "ఏమనుకుంటివి నన్ను? రాయనుకుంటివా?"

తాత చేతిలో ఆకు జారిపోయింది. ఆయన చుట్టూ చూసినాడు, ఎవరితో అంటాందో అన్నట్టు. "నీకు పని... పని పెంచేది ఏంటికని..."

"పనా! మొగునికి గంజి కాసేది పనా? ఊర్లో వాళ్ళ గంజి తాగి బతికినావే, నా సేతి గంజి సేదా? సుట్టమంట సుట్టం! లేసి నిలబడకుంటే ఏం సేయాల? నువ్వే వచ్చి వసారాలో కూసుంటివి. లోపలికి వస్తే ఎవురొద్దన్నారు? వంటింటికి తాళమేసినానా?"

స్టేషన్ వైపు పోతున్న గ్యాంగ్‌మన్లు ఆగి చూస్తున్నారు. తాతకు సిగ్గు, భయం. కానీ వాటి అడుగున ఇంకేదో ఉంది. "తెలీలేదు" అన్నాడు. "నాకు తెలీలేదు."

"నాకు మాత్రం తెలిసిందా?" అంది అవ్వ. కొంగుతో మొహం తుడుచుకుంది.

తిరుగు రైల్లో నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. వాళ్ళ మధ్య నాకు చోటు లేదు. అవ్వ దారిపొడుగునా తిడతానే ఉంది, ఏయే ఏడు ఏయే పండగకు రాలేదో తీసి తీసి. తాత "అవునే", "నిజమేలే" అంటా విన్నాడు. బొరుగుల పొట్లం ఇద్దరూ తిన్నారు. నాకు అడుగున కారం మిగిలింది.

ఆ తర్వాత మా ఇంట్లో ప్రశాంతంగా ఉన్నది తక్కువ. రోజూ తగువే. గోడ పక్క పట్టీలో అవ్వ గోంగూర వేసింది, తాత ఆలియాకు వేసినాడు, ఎవరిది ఎవరి మీద పడుతుందో అని మాటలు. తాత బయటినుంచి వస్తే అవ్వ లేచేది కాదు. కూర్చున్న చోటు నుంచే, "వచ్చినావా? ఆ బిందె ఇట్ల దించు" అనేది. తాత దించేవాడు, తప్పుగా దించినాడని మళ్ళీ తిట్లు. మా అమ్మ నవ్వు కనబడకుండా పొయ్యి ఊదేది. నాకు మాత్రం పని పోయింది. కొన్నాళ్ళు ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చూసి, ఎవరూ ఏమీ చెప్పి పంపకపోతే పోయి పిల్లలతో ఆడుకున్నాను.

మరుసటి ఏడు అవ్వ ఎమ్మిగనూరు నుంచి ఒక చీర నేయించి కోసిగికి తీసుకుపోయింది. ఆదోనిలో ఉచితంగా కండ్ల ఆపరేషన్లు చేస్తున్నారని తెలిసి, ముసలామెను తెచ్చి ఇంట్లోనే పెట్టుకొని ఒక కన్నుకు చేయించింది. కట్టు విప్పినాక ఆమెను దొడ్డిలోకి నడిపించినాము. ఆమె ముందర పూలను చూడలేదు. అవ్వ మొహం చూసింది. "నల్లగుంటావని సెప్పలేదే తమ్ముడు" అంది. అవ్వ ఎన్నడూ నవ్వనంత నవ్వింది.

తాత అట్ల ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు మాతో ఉన్నాడు. ఎండాకాలంలో ఒక పొద్దున పోయినాడు. అవ్వ పక్కనే ఉంది. తర్వాత కూడా వానలు వెనకబడినాక ఆమే గింజలు వేసేది. నేను పెండ్లై వచ్చేసినాను. నాయన ఇల్లు మార్చినాడు. మిల్లులు ఒక్కొక్కటే మూతబడినాయి. ఆ సందులో ఇప్పుడు అన్నీ అంతస్తుల ఇండ్లు, దొడ్లు లేవు. ఆ పువ్వు చూపించి పేరడిగితే చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. తలుచుకుంటే నాకు ఎన్నో గుర్తొస్తాయి గాని, అన్నిటికంటే ముందర ఒక పొద్దున గుర్తొస్తుంది.

అప్పుడు నేను కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నాను. తాత పోయి రెండేండ్లు దాటింది. పెరుగామె వచ్చి కుండ దించకుండానే, కోసిగిలో ఆ ముసలామె రాత్రి పోయిందని చెప్పింది. అవ్వ లేచి దొడ్డిలోకి పోయి, బండ మీద కూర్చొని, చన్నీళ్ళు తలమీది నుంచి పోసుకోవడం మొదలుపెట్టింది. సొంతవాళ్ళు పోతే తప్ప ఎవరూ అట్ల పోసుకోరు.

"అవ్వా, ఆమె మనకేమవుతుందని స్నానం చేస్తాండావు?" అన్నాను.

అవ్వ మొహం మీది నీళ్ళు తుడుచుకొని నన్ను చూసింది, ఇంత తెలియని పిల్లవు ఎట్లైనావే అన్నట్టు.

"ఆడబిడ్డ గదమ్మే" అంది. ఇంకో చెంబు ముంచుకుంది.